మతి చెదిరిన సేనాపతి

కామారెడ్డిలో డిగ్రీ చదివే రోజుల్లో, టైలరు దుకాణం మీది గదిలో నలుగురం ఒక ఆట ఆడేవాళ్ళం. మాలో ఒకడు దాన్ని హైదరాబాదులో నేర్చుకొని వచ్చాడు. ఒక్కొక్కరం కాగితం మీద ఒక పాత్రను రాసుకొని, పాచికలు వేస్తూ, ఆ పాత్రలాగే మాట్లాడాలి. కథ నడిపేది ఆ మిత్రుడే. ఒక ఆదివారం నాకు యుద్ధంలో ఓడి మతి చెదిరిన సేనాపతి పాత్ర వచ్చింది. నేను కళ్ళు తిప్పి, పెద్దగా నవ్వాను.

"గట్ల సినిమాల్ల చేస్తరు," అన్నాడు మిత్రుడు. "మతి తప్పినోణ్ని ఎన్నడన్న చూసినవా నువ్వు?"

చూశాను. ఎల్లారెడ్డి దగ్గర మా గడీలో, తాతల నాటి ఆ కోటలాంటి ఇంట్లో, మేము బాపు అని పిలిచే మా నాన్న రోజూ పొద్దున్నే తలపాగా చుట్టుకొని, గుర్రాలకు దాణా పెట్టారా అని అడిగేవారు. గుర్రాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. ఈ సంగతిని మేము గడప దాటనివ్వలేదు. అయినా ఒకరితో చేతకానివాడినని అనిపించుకోవడం నాకు పడదు. నిటారుగా కూర్చొని, మెల్లగా అడిగాను.

"గుర్రాలకు దాణా పెట్టిన్రా?"

ఎవరూ నవ్వలేదు. మిత్రుడు సేవకుడి గొంతుతో, "పెట్టినం దొరా. అన్ని మంచిగ తిన్నయి. ఇగ మీరు తినుండ్రి," అన్నాడు.

అబద్ధమాడటం మా ఇంటి పద్ధతి కాదు. బాపు అడిగిన ప్రతిసారీ గుర్రాలు లేవనే చెప్పేవాళ్ళం. ఆయన ఆ మాటను ప్రతిసారీ కొత్తగా విని, తినకుండానే పళ్ళెం ముందు నుంచి లేచిపోయేవారు. ఇంకోలా చెప్పవచ్చని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.