నెర్రె మూసిన తలుపు

ఇప్పుడు సౌదీలో, అల్ ఖర్జ్‌లో, క్యాంపు గదులకు ప్లైవుడ్ తలుపులు బిగిస్తున్నాను. వాటికి నెర్రెలు పడవు, వాటి మీద నాకు ప్రేమా లేదు. నేను చెప్పబోయేది ఇదే దేశంలో హాయిల్ అనే ఊళ్లో ఉన్నప్పటి ఒక పాత తలుపు సంగతి.

అక్కడ నా గదిలో ఒక పాకిస్తానీ, ఇద్దరు బంగ్లాదేశీలు ఉండేవాళ్లు. మంచివాళ్లే. కానీ లేస్తే హిందీ, పడుకుంటే హిందీ. సుత్తి వేలి మీద పడి, మా కరీంనగర్ భాషలో నోరారా తిట్టుకుంటే "క్యా బోలా భాయ్?" అని అడిగేవాళ్లు. తిట్టుకు కూడా అర్థం చెప్పుకోవాల్సిన బతుకు! ఇంటికి ఫోన్ చేస్తే "ఎట్లున్నవ్?" అంటారు. "మంచిగున్న" అంటాను. అక్కడికి మాటలు అయిపోతాయి.

ఆ చలికాలం నన్ను ఒక సౌదీ పెద్దాయన ఇంటికి పనికి పంపారు. తాతల నాటి మట్టి ఇంటి తలుపును ఊడదీసి తెచ్చి, కొత్తింట్లో వంటగది వెనక, పెరటి వైపు పెట్టించుకున్నాడు. పలకల మధ్య వేలు దూరేంత సందులు. ఎవడో మహానుభావుడు వాటిలో సిమెంటు కుక్కాడు! నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని ఉలితో గీకుతూ "ఎంత నెర్రె వడ్డదిరా నాయనా" అని గొణుక్కున్నాను.

తలుపు వెనక గిన్నెల చప్పుడు ఆగింది.

"నెర్రె అంటివే... తెలుగోళ్లా అన్నా?"

ఉలి చేతిలోంచి జారింది. ఆ ఇంట్లో పనిచేసే ఆమె, కడప వైపు మనిషి. మగ పనివాళ్లు వస్తే ఆడవాళ్లు ఎదుటికి రారు, ఇక్కడి పద్ధతి అది. నేనూ లోపలికి తొంగి చూడలేదు. సందులోంచి మాట ఒక్కటే వచ్చింది.

"మా కాడ నెర్రెలు చేనికి పడతాయి. మీరు తలుపుకు గూడా అంటారా?"

"చేనైనా చెక్కయినా, ఎండితే గదే గద చెల్లె."

ఇక ఆగలేదు. ఆమె గిన్నెలు తోముతూ, నేను చెక్క చెక్కుతూ ఒకటే ముచ్చట్లు. మొక్కజొన్న రవ్వతో వండే మా మక్క గట్క గురించి చెబితే "మా రాగి సంకటి ముందర అదేం తిండన్నా!" అని వెక్కిరించింది. గట్కను అంటే ఊరుకుంటానా? పొద్దంతా వాదించాను. ఎంత హాయిగా ఉందో!

అంత వెడల్పు సందుకు లప్పం పూస్తే నిలవదు. అదే రకం చెక్కలోంచి సన్నటి చీలికలు తీసి, సందులో దించి, ఒక పక్కకే జిగురు పెట్టాలి. రెండు పక్కలా పెడితే, ఎండాకాలం పలక ముడుచుకున్నప్పుడు ఇంకోచోట పగులుతుంది. పెద్దాయన గావా, అదే అరబ్బుల కాఫీ, తెచ్చిచ్చి "ఖలాస్?" అని అడిగితే "బుక్రా" అనేవాణ్ని. జిగురు ఆరాలి కదా, రేపే అవుతుంది మరి. కానీ నా జన్మలో అంత నెమ్మదిగా ఏ చెక్కనూ చెక్కలేదు.

ఒక పొద్దున ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"బిన్నా కానీ అన్నా, ఇంగ ఆలస్యం సేయొద్దు. రేతిరి నేను ఈడనే పండుకుంటా. చలిగాలికి సచ్చిపోతాండా."

నాకు మాట వచ్చే సందులోంచే ఆమెకు చలి వస్తోంది. ఆ ఆలోచన నాకెందుకు తట్టలేదో! చాలా సిగ్గేసింది. ఆ రోజు తల ఎత్తకుండా పనిచేశాను. సాయంత్రానికి ఒక్క సందు మిగిలింది.

"ఇదొక్కటి ఇడిసిపెట్టాల్నా చెల్లె?"

అవతల గిన్నె బోర్లించిన చప్పుడు వినిపించింది.

"వద్దులే అన్నా. మూసెయ్."

"ఒక పక్కకే గద జిగురు. ఎండకాలం వస్తే మల్ల ఎంట్రుకంత తెరుసుకుంటది."

"అయితే అప్పుడు రా. సన్నంగా మాట్లాడుకుందాం," అని నవ్వింది. నేనూ నవ్వాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చీలికను దించి, సుత్తితో మెల్లగా తట్టి, చిత్రిక పట్టాను. గాలి ఆగిందో లేదో చూడాలి. నోరు పలకకు ఆనించి "చెల్లె, ఇనవడ్తున్నదా?" అన్నాను. జవాబు లేదు. గట్టిగా మళ్లీ పిలిచాను. ఏమీ వినిపించలేదు. అవతల ఆమె కూడా పిలిచిందేమో, నాకు తెలియదు.

పెద్దాయన వచ్చి తలుపంతా చేత్తో తడిమి "తమామ్" అన్నాడు. పని బాగా కుదిరింది. ఎండలు ముదరకముందే కంపెనీ నన్ను ఇక్కడికి, అల్ ఖర్జ్‌కు, మార్చింది.