అరువు చెంపలు

ఆ వీధిలో కొన్నాళ్ళపాటు ఇస్త్రీకి బట్టలిచ్చినవాళ్ళందరూ బట్టలతోపాటు ఒక చెంప కూడా ఇవ్వాల్సి వచ్చింది. మూట బల్లమీద పెట్టి "రేపటికి కావాలి" అనేలోపే ఇస్త్రీ ఆయన ఒక పాత నూలుగుడ్డ మడత ముందుకు చాచేవాడు. చెయ్యకూడని పనేదో చేస్తున్నవాడిలా నసుగుతూ, "ఒక్కసారి చెంపకి ఆనించి చూస్తారా? ఎక్కువుందా, సరిపోయిందా చెప్తే చాలు" అనేవాడు.

మొదట్లో జనం బిత్తరపోయారు. ఇంటికెళ్ళి "ఆయనకేదో అయింది" అని గుసగుసలాడారు. తర్వాత సంగతి తెలిసి, మూట దించకముందే మొహం ముందుకు పెట్టడం మొదలుపెట్టారు.

ఆయన్ని అందరూ మడతయ్య అనేవారు. చేతికేది చిక్కినా మడత పెట్టేస్తాడు మరి. చదివిన పేపరు, ఖాళీ అయిన పాల ప్యాకెట్టు, పక్కింటివాళ్ళు పారేసిన అట్టపెట్టె, ఏదైనా సరే అంచుకి అంచు కలిపి, గోటితో గీత లాగి పక్కన పెడితే గానీ ప్రాణం కుదుటపడదు. మాటా అంతే. ఎవరేమడిగినా జవాబుని నాలుగు మడతలు పెట్టి లోపల దాచుకుంటాడే తప్ప, విప్పి పరిచి చూపించిన పాపాన పోలేదు.

ఇంట్లో ముందుగదే కొట్టు. వీధివైపు ఎత్తు బల్ల, దానిమీద మందపాటి కంబళి, కంబళిమీద చోటుచోటా గోధుమరంగు మచ్చలు పడ్డ దుప్పటి. పైనుంచి వేలాడే వైరుకి ఇస్త్రీపెట్టె. మీసాలు రాకముందే తండ్రి దగ్గర బొగ్గులపెట్టె పట్టినవాడు కాబట్టి, అరచేతులు కాయలు కాచి చెప్పు అట్టల్లా తయారయ్యాయి. పెట్టె ఎంత కాలిందో ఆయన చెవితో వింటాడు. నీటిచుక్క చిలకరిస్తే అది "చుయ్" అన్న తీరునిబట్టి ఇది పట్టుచీరకి, ఇది పోలీసు ప్యాంటుకి అని చెప్పేస్తాడు. బట్ట మాడబోతే ముక్కు ముందే చెప్తుంది. చేతులకి మాత్రం వేడి తెలియడం ఎప్పుడో మానేసింది.

అది బయటపడింది పెళ్ళయిన కొత్తలో. మామగారు ఇంటికొస్తే, పొయ్యిమీంచి అప్పుడే దించిన టీ స్టీలుగ్లాసులో పోసి ఉత్త చేత్తో పట్టుకొచ్చాడు. "చల్లారిపోయినట్టుంది మావయ్యా, గటగటా తాగెయ్యండి" అని చేతిలో పెట్టాడు. మామగారు మర్యాదస్తుడు. కొత్త అల్లుడి ఎదుట గ్లాసు వదిలెయ్యలేడు, పట్టుకోనూ లేడు. రెండు చేతుల మధ్య దాన్ని బంతిలా ఎగరేస్తూ గదంతా ఒక చుట్టు తిరిగి, కిటికీలో పెట్టేసి, వేళ్ళు నోట్లో పెట్టుకుని, "టీ చాలా బాగుంది నాయనా" అన్నాడు. ఒక్క చుక్క తాగితే ఒట్టు.

ఆ రోజునుంచీ మడతయ్యకి తన చేతులమీద నమ్మకం పోయింది. ఇస్త్రీపెట్టెకైతే ఆ చేతులే కావాలి కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇబ్బంది పాప పుట్టాక వచ్చింది.

ఇక పిల్లలు పుట్టరనుకుని మొగుడూ పెళ్ళాం ఊరుకున్నాక పుట్టిన పాప అది. ఉతికి ఆరేసిన చేతిరుమాలంత ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ ఎత్తుకున్నారు, ముద్దాడారు. మడతయ్య మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, గాజుపెట్టెలో బొమ్మని చూసినట్టు చూసి పక్కకి తప్పుకునేవాడు. తప్పనిసరై ఎత్తుకోవలసివస్తే మోచేతులమీద వేసుకునేవాడు. అరచెయ్యి తగిలితే కాలుతుందో, గీసుకుపోతుందో! కాలినా తనకి తెలిసి చావదే!

ఇదంతా మడత లోపలే ఉండిపోయింది. బయటివాళ్ళకి కనిపించింది వేరు.

"అల్లుడికి ఆడపిల్ల నచ్చలేదేమోనే" అంది అత్తగారు, కూతురి చెవిలో అనుకుంటూ కొట్టుదాకా వినబడేట్టు.

భార్య ఆ మాటకి తల్లినైతే కసిరింది గానీ, మనసులో ముల్లు మిగిలిపోయింది. ఒకరోజు అడిగేసింది. "పిల్లమీద చెయ్యి వెయ్యడానికి కూడా మనసు రావట్లేదా మీకు?"

మడతయ్య జవాబుగా బల్లమీదున్న పాప గుడ్డని తీసుకుని ఎనిమిది మడతలు పెట్టాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అంతలో పాపకి జబ్బు పట్టుకుంది. రోజంతా బాగానే ఉండేది, దీపాలు పెట్టే వేళకి మాత్రం మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, కందగడ్డలా ఎర్రబడి గుక్కపట్టి ఏడుపు. పొట్ట తడితే డప్పులా మోగేది. వీధివాళ్ళు ఆ ఏడుపు విని టీవీలో వార్తలు పెట్టుకునేవారు. పాపకి సైరను అని పేరు కూడా పెట్టేశారు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ బరువు చూసింది, గుండె విన్నది, పొట్ట నొక్కి చూసింది. "పిల్ల బాగానే పెరుగుతోంది. కడుపులో గాలి, అంతే. ఈ వయసులో చాలామందికి వస్తుంది, నాలుగో నెల దాటితే దానంతటదే పోతుంది. మందులేం వద్దు. పాలు పట్టాక భుజాన వేసుకుని తేపించండి, కాళ్ళు సైకిలు తొక్కినట్టు ఆడించండి, పొట్టమీద గోరువెచ్చగా కాపడం పెట్టండి. జ్వరమొచ్చినా, పాలు మానేసినా, వాంతులైనా మాత్రం ఆలస్యం చెయ్యకుండా పట్టుకొచ్చెయ్యాలి."

"కాస్త తేనె నాకించమంటారా? ఒక కషాయం ఉంది..." అని అత్తగారు సంచీ విప్పబోయింది.

"అమ్మమ్మగారూ, తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. ఏడాది నిండేదాకా తేనె మాటే ఎత్తకండి."

అత్తగారు సంచీ మూతి బిగించింది గానీ ఓటమి ఒప్పుకోలేదు. పిల్లకి వద్దంటే పిల్లతల్లికి వద్దన్నట్టా? సోంపు మరిగించి చెంబులకి చెంబులు కూతురిచేత తాగించింది. నాలుగు రోజులకి కూతురు దణ్ణం పెట్టేసింది. "అమ్మా, నేను పక్కనుంచి వెళ్తే జనం సోంపు కొట్టు ఎక్కడా అని వెతుక్కుంటున్నారే!"

"వెతుక్కోనీ. తాగు."

పనులు పంచుకున్నారు. తేపించడం తల్లిది, సైకిలు అమ్మమ్మది. కాపడం ఎవరిది? అమ్మాకూతుళ్ళు ఇద్దరూ కొట్టువైపు చూశారు. వేడి ఎక్కడుంటే ఆ పని అక్కడికే కదా.

మడతయ్య ఒక పాత నూలుగుడ్డ తీసి మడత పెట్టాడు. గుడ్డ వెచ్చబెట్టడం ఎంతసేపు? ఆ వెచ్చన గోరువెచ్చనో, మామగారి టీయో తేల్చేదెవరు? గుడ్డ ఇస్త్రీపెట్టెలా "చుయ్" అని చెప్పదు. అత్తగారి చెంపకి పెట్టి చూశాడు. "ఇదీ ఒక వేడేనా అల్లుడూ? నా మోకాలిక్కూడా చాలదు" అందావిడ. లాభం లేదు. భార్యని అడుగుదామంటే, ఆవిడ ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుని గది ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తోంది, ఈయన మొహం కూడా చూడట్లేదు. తన చెంపకే పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకున్నాడు. సరిపోయిందనిపించింది. ఆ చెంప కూడా తనదే కదా, చేతుల చుట్టమే కదా, అదీ అబద్ధమాడుతోందేమో అని అనుమానం వచ్చింది.

అప్పుడే ఒక బస్సు డ్రైవరు యూనిఫాం పట్టుకుని కొట్టు మెట్లెక్కాడు. మడతయ్య దేవుణ్ణి చూసినట్టు చూశాడు. అలా మొదలైంది.

ఎవరి తీర్పు వాళ్ళది. డ్రైవరు చెంపకి ఆనించుకుని, "ఇంకా టాప్ గేర్లోనే ఉంది, రెండోదానికి దించు" అనేవాడు. టీచరమ్మ కళ్ళు మూసుకుని చూసి, "నూటికి ఎనభై. మడత మధ్యలో ఒకచోట వేడి నిలబడిపోయింది, అక్కడ ఇరవై కోసేశాను" అనేది. మడతయ్య గుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ మడిచి చూపించేవాడు. అందరికన్నా కష్టం లాయరుగారితో. పెద్దాయన. గుడ్డ ఒక చెంపకి, తర్వాత రెండో చెంపకి, చివరికి నుదుటికి ఆనించుకుని, "వేడిగా ఉందని అనలేం మడతయ్యా. అలాగని లేదనీ అనలేం" అనేవాడు.

"అంటే పెట్టచ్చాండీ?"

"పెట్టచ్చు అంటే... అది పరిస్థితులమీద ఆధారపడుతుంది."

ఆ పరిస్థితులు లోపల గుక్కపట్టి ఏడుస్తుండేవి.

అలా ఊరి చెంపలమీదుగా వెచ్చదనం లోపలికి వెళ్ళేది. గుడ్డ గుమ్మం దగ్గర అందించి మడతయ్య వెనక్కి వచ్చేసేవాడు. భార్య పొట్టమీద వేస్తే పిల్ల కాసేపు ఊరుకునేది, గుడ్డ చల్లారగానే మళ్ళీ అందుకునేది. మళ్ళీ ఇంకో చెంప కావాలి.

ఒకరోజు పాప నిద్రపోతోంది కదా అని అమ్మాకూతుళ్ళు ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని బజారుకి వెళ్ళారు. వెళ్ళిన కాసేపటికే ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. వీధి ఖాళీ అయిపోయింది. చొక్కా కోసం వచ్చిన లాయరుగారు గొడుగు లేక కొట్టులోనే చిక్కుబడిపోయాడు. సైరను తన వేళకి తాను మోగింది. మడతయ్య పరుగున వెళ్ళి పాపని ఎడమ మోచేతిమీద వేసుకొచ్చాడు. కుడిచేత్తో గుడ్డమీద పెట్టె రెండుసార్లు లాగాడో లేదో, కరెంటు పోయింది. కొట్టులో కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. గుడ్డ చల్లారేలోపే పెట్టాలి, మోచేతిమీద పిల్లతో ఆ చీకట్లో కాలే పెట్టెని మళ్ళీ ముట్టుకునే దారి లేదు.

"లాయరుగారూ, మీ చెంపెక్కడుందో కాస్త చెప్పండి!"

"రోజూ ఉండేచోటే ఉంది, ఇటు రా."

మడతయ్య గొంతునిబట్టి చెయ్యి చాచి ఆనించాడు. లాయరుగారు ఈసారి రెండో చెంప తిప్పలేదు, నుదురూ ఆనించలేదు.

"ఇదీ" అన్నాడు. "సరిగ్గా ఇదీ. ఇంతకన్నా ఎక్కువ వద్దు, తక్కువా వద్దు."

మడతయ్య తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. "అనచ్చంటారాండీ?"

"అనచ్చేమిటి, కావాలంటే సంతకం పెట్టి ఇస్తాను. గుడ్డ మార్చావా? కొంచెం గరుగ్గా ఉంది."

"లేదండీ, ఆ పాత నూలుదే..."

లాయరుగారు చీకట్లో తన చెంపమీదున్నదాన్ని తడిమి చూశాడు. ఒక చోట తడిమాడు, దాని పక్కన తడిమాడు, బొటనవేలు దగ్గర ఆగాడు.

"మడతయ్యా, దీనికి వేళ్ళున్నాయి."

గుడ్డ ఎక్కడో జారిపోయింది. జారిపోయిన సంగతి ఆ చేతికి తెలియలేదు. లాయరుగారి చెంపమీద ఇంతసేపూ ఉన్నది, అప్పటిదాకా పెట్టె పట్టుకున్న ఉత్త అరచెయ్యి. మడతయ్య సిగ్గుతో చచ్చిపోతూ చెయ్యి లాక్కోబోయాడు. లాయరుగారు మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"క్షమించండి సార్... నా చేతికి ఏదీ తెలీదు సార్... అందుకే పిల్లని కూడా... కాలుతుందేమోనని, గీసుకుపోతుందేమోనని..." పాప ఏడుపు మీదుగా, చీకటి ఇచ్చిన ధైర్యంతో, మడతలన్నీ ఒక్కొక్కటే విప్పేశాడు. టీ గ్లాసుతో సహా.

లాయరుగారు అంతా విన్నాడు. "నా చెంప కాలిందా?"

"లేదండీ."

"గీసుకుపోయిందా?"

"లేదండీ."

"నేను పొద్దున గడ్డం గీసుకున్న బ్లేడు కన్నా నీ చెయ్యి మెత్తన. చేతిలో కాపడం పెట్టుకుని ఊరందరి చెంపలూ అరువడుగుతావేంటయ్యా? వెయ్యి!"

మడతయ్య తడుముకుంటూ స్టూలుమీద కూర్చుని, పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఊపిరి బిగబట్టి అరచెయ్యి పొట్టమీద ఆనించాడు. పొట్టంతా ఆ చేతికింద ఇమిడిపోయింది. ముందు ఏడుపు ఇంకా పెరిగింది. తర్వాత వెక్కిళ్ళలోకి దిగింది. డప్పులా బిగిసిన పొట్ట చేతికింద ఎగసి, దిగి, ఎగసి, దిగి మెల్లగా వదులయింది. ఎంత కాలినా తెలియని చేతికి ఆ ఊపిరి తెలిసింది. ముడుచుకున్న మోకాళ్ళు విచ్చుకున్నాయి. అప్పుడు, ఆ చీకట్లో, అంత చిన్న మనిషినుంచి వస్తుందని ఎవరూ అనుకోనంత పెద్ద చప్పుడొకటి వచ్చింది.

"అద్దెకున్నవాడు ఖాళీ చేశాడు" అన్నాడు లాయరుగారు గంభీరంగా.

తడిసి ముద్దయి అమ్మాకూతుళ్ళు గుమ్మంలో అడుగుపెట్టేసరికి కరెంటు వచ్చింది. కాపడం గుడ్డ లాయరుగారి బూటు కింద దొరికింది. పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది, మడతయ్య చెయ్యి దాని పొట్టమీద ఉంది. భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మనసు లేక కాదే" అన్నాడు మడతయ్య తలెత్తకుండా. "చెయ్యంటే భయం. మీ నాన్న టీ..."

"ఇన్నాళ్ళూ ఆ టీ గ్లాసా మన మధ్య?" అని ఆవిడ నవ్వబోయి, తడి కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నది వాననీళ్ళేనని అందరూ అనుకున్నట్టు ఊరుకున్నారు.

"ఈ ముక్క ముందే చెప్పుంటే నా సోంపంతా మిగిలేది కదా అల్లుడూ" అంది అత్తగారు. తర్వాత మొహం తిప్పుకుని, మెల్లగా, "ఆవేళ నోరు జారాను, మనసులో పెట్టుకోకు" అంది.

ఆ తర్వాత కూడా పాప ఏడ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు నాలుగో నెల దాటాకే పూర్తిగా మానింది. అంతదాకా ప్రతి సాయంత్రం మడతయ్య చేతిలోని పెట్టె దించి, అరచేతులు రుద్దుకుని లోపలికి వెళ్ళేవాడు. ఆ వేళకి కొట్టుకొచ్చినవాళ్ళు విసుక్కోకుండా నిలబడేవారు, డ్రైవరైతే ఒకసారి తన యూనిఫాం తానే ఇస్త్రీ చేసుకుని, మాడ్చుకుని వెళ్ళాడు.

వాళ్ళందరికీ ఏదో చెప్పుకోవాలని మడతయ్యకి ఉండేది. నోరు తెరిస్తే మాట మళ్ళీ మడత పడిపోయేది. ఆ వీధిలో చొక్కాలన్నిటికీ కాలర్లు మాత్రం అప్పట్నుంచి మిగతా బట్టకన్నా మెత్తగా, మెడకి గుచ్చుకోకుండా వస్తున్నాయి. చెంపకి దగ్గరగా ఉండే చోటు కదా అని ఆయన రెండోసారి, తక్కువ వేడిమీద, నెమ్మదిగా లాగుతాడు. ఎవరికీ చెప్పలేదు.

లాయరుగారికి మాత్రం పాత అలవాటు పోలేదు. ఇప్పటికీ మూట బల్లమీద పెట్టగానే మొహం ముందుకి పెడతాడు. మడతయ్య చంకలో ఉన్న పాప రెండు చేతులూ చాచి ఆ చెంపని టపీమని కొడుతుంది.

"ఎలా ఉందండీ?" అంటాడు మడతయ్య.

"దెబ్బ తగిలిందని అనలేం" అంటాడు లాయరుగారు, రెండో చెంప కూడా తిప్పుతూ.