రికార్డులో లేని చరణం

గవర్నర్‌పేటలో బట్టలకొట్టు గుమాస్తా ఏసుపాదం సినిమా పాట చిన్న గ్రామఫోను రికార్డు కొన్నాడంటే, భార్య సంపూర్ణమ్మతో సినిమా హాలుకు వెళ్ళి అదే పాట మళ్ళీ వినాల్సిందే. కళ్ళు మూసుకుని విని, రికార్డులో పట్టక ఏం కోసేశారో పుస్తకంలో రాసుకుంటాడు. ఈసారి ఏకంగా మూడో చరణమే లేదు. నాలుగుసార్లు వెళ్ళినా దాని చివరి పాదం జనం ఈలల్లో కలిసిపోయింది. గురువారంతో సినిమా ఎత్తేశారు. ఏసుపాదానికి అన్నం సయించలేదు. చారు వడ్డిస్తూ సంపూర్ణమ్మ ఆ పాదాన్నే మాటలతో సహా కూనిరాగంగా పాడింది.

"నీకెట్లా తెలుసు?" అన్నాడు.

"హీరోయిన్ పెదాలు చూశానండి. మీరేమో కళ్ళు మూసుకు కూర్చుంటిరి."

ఏసుపాదం చెయ్యి కడుక్కుని రికార్డు పెట్టాడు. రెండో చరణం అవగానే ముల్లు పైకెత్తి భార్య వైపు చూశాడు. సంపూర్ణమ్మ గరిటె చేత్తో పట్టుకునే మూడో చరణమంతా పాడింది. అప్పుడు చివరి పల్లవి మీద మెల్లగా ముల్లు దించాడు.