అట్ట మడతలో మేష్టారు

డీజిలు వాసన, కాలిన రబ్బరు వాసన, ఆ రెంటి మధ్య నుంచి సన్నగా ఇంకో వాసన: ఎండకి మగ్గిన ప్లాస్టిక్కు, పాత టేపు, ఊరగాయ జాడీ అడుగున మిగిలేలాంటి పులుపు. పోయిన వారం ఆటోనగర్‌లో మా తమ్ముడి షెడ్డులో నిలబడి ఆ వాసన పీల్చగానే నా వయసు పదేళ్ళకి పడిపోయింది. మరమ్మతుకొచ్చిన ఓ పాత కారు డాష్‌బోర్డు అరలో కేసెట్టు దొరికిందని వాడే ఫోన్ చేశాడు. "అక్కా, అట్ట మీద బొమ్మ నువ్వేసిందే. మగాడికి అంతేసి కనురెప్పలు ఇంకెవరు పెడతారు?" అన్నాడు. వెటకారం వాడికి నా దగ్గర నుంచే వచ్చింది, కాబట్టి ఊరుకుని వెళ్ళాను. పెట్టె తెరిచి, అట్ట బయటికి తీసి, మడత విప్పాను.

వన్ టౌన్‌లో నాన్నకి పాటలు రికార్డు చేసే కొట్టు ఉండేది. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసి, ఖాళీ కేసెట్టు ఇచ్చి వెళ్తే, నాన్న గోడనిండా పేర్చిన పెద్ద రికార్డుల్లోంచి ఒక్కోటీ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు ఆనించి, ఆ పాటల్ని కేసెట్టులోకి ఎక్కించి మూడోనాటికి ఇచ్చేవాడు. వేసవి సెలవుల్లో నేనెప్పుడూ అక్కడే. బయట తోపుడుబళ్ళ వాళ్ళ కేకలు, పక్క గొడౌన్లలోంచి ఎండుమిరపకాయల ఘాటు, మధ్యాహ్నం అమ్మ పంపిన క్యారేజీలో కొత్తావకాయ అన్నం, తిన్నాక చేతులు కడుక్కోకుండా రికార్డు ముట్టుకుంటే వీపు మీద ఒకటి. దసరా ముందు మాత్రం కొట్టులో నిలబడే చోటు కూడా ఉండేది కాదు. కొండ మీద అమ్మవారి పాటలు లేని కేసెట్టు ఆ నెలలో ఒక్కటీ బయటికి వెళ్ళేది కాదు.

రికార్డుల అట్టల మీద కళ్ళు చెదిరే రంగుల బొమ్మలుండేవి. ఖాళీ కేసెట్టుతో వచ్చే అట్ట మీద నాలుగు గీతలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ కరువు తీర్చే బాధ్యత నేనూ నస్రీనూ నెత్తినేసుకున్నాం. నస్రీన్ వాళ్ళ నాన్నది మా పక్కకొట్టే, పటాలకి ఫ్రేములు కట్టేవాడు. విరిగిన అద్దం ముక్క మీద ఆయన మాకు గళ్ళు గీసి ఇచ్చాడు. దాన్ని రికార్డు అట్ట మీద పరిచి, చిన్న కాగితం మీద అన్నే చిన్నచిన్న గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి దించేవాళ్ళం. ఊరంతా కొన్న పేరుమోసిన రికార్డుల అట్టలన్నీ మా చేతుల్లో అలా అగ్గిపెట్టెంత అయ్యాయి. సినిమా జంటలూ, భక్తి పాటల దేవుళ్ళూ, జుబ్బాలేసుకున్న గాయకులూ, ఎవరినీ వదల్లేదు.

పని పంపకం గట్టిగా ఉండేది. మొహాలు నావి. బట్టలు, వాయిద్యాలు, పేర్లు, లోపలివైపు పాటల పట్టిక నస్రీన్‌వి. ప్రాణమున్న వాటి మొహాలు గియ్యకూడదని వాళ్ళ నానీమా, అంటే అమ్మమ్మ, పెట్టిన కట్టడి. "మీ నాన్న పొద్దస్తమానం దేవుళ్ళ మొహాలకేగా అద్దాలు బిగించేది?" అని నేను వాదనకి దిగేదాన్ని. "బిగించడం వేరు, గియ్యడం వేరు. పద, మీసం వెయ్యి" అనేది తను, తలెత్తకుండా.

ఒక చిక్కు మాత్రం తప్పేది కాదు. రికార్డు అట్ట చదరం, కేసెట్టు అట్ట నిలువు. చదరంలో ముగ్గురుంటే నిలువులో ఒక్కరే పడతారు. మధ్యనున్న వాళ్ళని ఉంచి పక్కవాళ్ళని కోసెయ్యడం నేను పెట్టిన చట్టం.

మా వీధిలో ఒక వయొలిన్ మేష్టారు ఉండేవారు. ఆయన జీవితంలో ఒకే ఒక్క రికార్డుకి పక్కవాయిద్యం వాయించారు. కచేరీలంటే చెవి కోసుకునే ప్రతి ఇంట్లోనూ ఆ రికార్డు ఉండేది, ఆయన ఇంట్లో తప్ప. దాని అట్ట మీద నడుమ గాయకుడు, కుడివైపు మృదంగం, ఎడమవైపు పాదం మీద వయొలిన్ తల ఆనించి కూర్చున్న మేష్టారు. ఆ పాటలు కేసెట్టులోకి ఎక్కించమని చీటీ పంపించారు.

"ఎడంపక్కన మన మేష్టారేనే. ఆయన్ని కూడా వెయ్యవే," అంది నస్రీన్.

"పక్కవాయిద్యాన్ని ఎవడు చూస్తాడే?"

"ఆయన చూసుకోరా?"

"చోటేదీ? నువ్వే చూపించు."

నేను గాయకుడికి దట్టంగా కనురెప్పలు పెట్టి, నా పని అయిపోయిందని, లోపలి పట్టిక నస్రీన్‌కి వదిలేసి ముంజలు తినడానికి వెళ్ళిపోయాను.

మర్నాడు మేష్టారు వచ్చారు. పెట్టె తెరిచి, అట్ట తీసి, మడత విప్పి, వీధి వెలుతురులోకి జరిగి చాలాసేపు చూశారు. తర్వాత నస్రీన్ వైపు తిరిగి, "బాగుందమ్మా" అన్నారు. నా వైపు చూడలేదు. కేసెట్టు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. నాన్నకి సంగతి అప్పుడు తెలిసింది. "ఆయన రికార్డుకి ఆయన్నే కోసేసి ఇచ్చావా?" అని ఒక్క మాట అని, ఆ పూట నాతో అన్నం తినలేదు.

నా వైపు తిరగని ఆ చూపు నన్ను వదల్లేదు. మనసు నొచ్చుకుని, మర్యాదకి నస్రీన్ అక్షరాల్ని మెచ్చుకుని పోయారనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. కచేరీలకి వెళ్తే ముందు పక్కవాయిద్యాల వాళ్ళనే చూస్తాను. పోస్టరు మీద వాళ్ళ పేర్లు లేకపోతే నిర్వాహకులతో గొడవేసుకుంటాను. ఆవిడకి నోరెక్కువని వాళ్ళు అనుకుంటారు. ఎక్కువే. కానీ అసలు కారణం ఇదీ.

షెడ్డులో నేను విప్పిన మడత లోపల పాటల పట్టిక ఉంది. ఎప్పుడూ గుండ్రంగా, పొంకంగా రాసే నస్రీన్ అక్షరాలు చీమల్లా కుదించుకుని పైకి జరిగిపోయి ఉన్నాయి. కింద మిగిల్చిన జాగాలో మేష్టారు కూర్చుని ఉన్నారు. పాదం, వయొలిన్, కమాను పట్టిన వేళ్ళు. వాటి పైన మొహం. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా, ఆయన మొహమే. నస్రీన్ గీసిన మొహం.

తమ్ముడు స్టూలు జరిపాడు. కూర్చుని బందరులో ఉన్న నస్రీన్‌కి ఫోన్ చేశాను.

"మేష్టారికి మొహం వేశావేంటే?"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఇప్పుడా చూసుకునేది?"

"నానీమాకి తెలియలేదా?"

"నేనే చెప్పా. వారం రోజులు నాతో మాట్లాళ్ళేదు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మొహాలు నావని లాక్కునేదానివి. ఆయనక్కూడా కనురెప్పలు పెట్టేదానివి."

మేష్టారు ఆ రోజు చూడాల్సిన వైపే చూశారు.

తిరిగొస్తూ వన్ టౌన్‌లో ఆగాను. మా కొట్టులో ఇప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. ఏ బొమ్మ ఇచ్చినా మిషను మీద అచ్చువేసి అప్పటికప్పుడు చేతిలో పెడతారట, ఎవరినీ కొయ్యక్కర్లేదు. ఫ్రేముల కొట్టు గోడ కూడా మిగల్లేదు. రికార్డులు నాన్న పోయాక పాత సామాన్ల వాడి బండెక్కాయి. నానీమా లేదు, మేష్టారూ లేరు.

ఆ కారు మేష్టారి మనవడిదట. బొమ్మ తీసుకుపొమ్మని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. నాది కాదన్నాను. అట్ట ఎలా ఉందో అలాగే మడిచి, మేష్టారిని లోపలికి పెట్టి, పెట్టె మూసి, ఆ అరలోనే ఉంచి వచ్చాను. చోటేదీ, నువ్వే చూపించమన్నాను ఆనాడు. నస్రీన్ అప్పుడే చూపించింది.