చెప్పి రాని నీళ్లు

పొద్దున్నుంచీ ఖమ్మంలోని మా వీధిలో మైకు ఆటో తిరుగుతోంది. "వాగు పరిసరాల్లో ఉండే ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లాలి" అని ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు, వానకు తడిసి ముద్దయినట్టు వినిపిస్తోంది. సురక్షిత ప్రాంతం ఎక్కడుందో ఆ గొంతు చెప్పదు. ఎదురింటావిడ గొడుగేసుకుని వచ్చి మా గేటు దగ్గర నిలబడి, "పోదామా టీచరమ్మా, ఉందామా?" అని అడిగింది. వైరా బళ్లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. నదులూ ఉపనదులూ నీలం సుద్దముక్కతో బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. ఆమె అడిగిన దానికి మాత్రం చూద్దాంలే అన్నాను. అన్నాక తెలిసింది, అది నా మాట కాదు, మా మేనమామ మాట.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. ఖమ్మం మిర్చి యార్డులో కాంటా దగ్గర పనిచేసేవాడు. సీజనులో ఆయన మా ఇంటికొస్తున్నాడంటే వీధి మలుపులోనే తెలిసిపోయేది, ఎవరో ఒకరు తుమ్మేవాళ్లు. చొక్కాలో, మీసాల్లో, చేతిసంచిలో అంతా మిరపఘాటే. దగ్గరికొచ్చి పలకరించకముందే నాకు కళ్లు మండి నీళ్లు కారేవి. "చూడవే అక్కా, నన్ను చూస్తే మేనకోడలికి ఎంత ప్రేమో, కంటతడి పెట్టుకుంటంది" అని అమ్మతో అనేవాడు. మా అత్త ఆయన బట్టలు విడిగా బకెట్లో నానబెట్టేది, ఆ నీళ్లు పారబోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. ఆయన యార్డులో చేరిన కొత్తలో తెలియక ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుందట. ఆ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్తున్నట్టే నవ్వేది.

వాళ్లది అసలు ఖమ్మం కాదు. భద్రాచలం అవతల, అడవి అంచున, గోదారి ఒడ్డున ఊరు. వేసవి సెలవుల్లో నేను అక్కడికి వెళ్లేదాన్ని, వానలు పట్టేలోపు వచ్చేసేదాన్ని. వానాకాలం సంగతులు మామయ్య చెప్తే విన్నవే. ఆయన లెక్కలో గోదారి చాలా మర్యాద తెలిసిన మనిషి. ఎగువన ఎక్కడో వాన పడితే నీళ్లు ఊరికి రావడానికి రోజులు పట్టేవి. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అని రేడియోలో చెప్పేవాళ్లు. మామయ్య నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, గంటకోసారి వెళ్లి చూసొచ్చేవాడు. ఎంత మునిగిందో చూసి, ఇంక ఎంతసేపు ఉందో చెప్పేవాడు. ఊళ్లోవాళ్లు ఆయన మాట విని గొడ్లు విప్పేవాళ్లు, ధాన్యం అటకెక్కించేవాళ్లు. తర్వాత అందరూ తీరిగ్గా మిట్ట మీది కోయగూడేనికి పోయేవాళ్లు. అక్కడ ఒక ఇంటివాళ్లు ఏటా మా అత్తకోసం వసారాలో సగం ఖాళీ చేసి ఉంచేవాళ్లట. అత్త వాళ్ల పొయ్యి మీదే వండేది, వాళ్ల మాట కొంచెం నేర్చుకుంది కూడా. నీళ్లు తీశాక ఇంటికొచ్చి బురద కడుక్కోవడం, గోడలకు సున్నం వేసుకోవడం. వాళ్లకది ఏటా వచ్చే పండగలాంటి పని.

ఒక ఏడు మాత్రం నీళ్లు తీశాక చేను కనిపించలేదు. మోకాలెత్తున ఇసుక మేట వేసింది. మామయ్య ఆ ఇసుక మీద నిలబడి చాలాసేపు చూసి, గోదారికో దణ్ణం పెట్టి, అత్తనూ కూతుర్నీ తీసుకుని ఖమ్మం వచ్చేశాడు. ఇకనుంచి నది ఒడ్డున ఉండేది లేదన్నాడు. యార్డులో పని దొరికింది, కొన్నేళ్లకు చిన్న స్థలం కొన్నాడు. స్థలం చూపించడానికి మమ్మల్ని తీసుకెళితే, వెనక చిన్న వాగు పారుతోంది. పంచె ఎగ్గట్టి అవతలికి దూకి చూపించాడు.

"నది వద్దని మళ్లీ నీళ్ల పక్కనే కొన్నావేంట్రా?" అంది అమ్మ.

"గోదారిని చూసినోడికి ఇదొక వాగా అక్కా? నీ వంటింటి తూముకి ఎక్కువ, కాలవకి తక్కువ."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. వాగు ఎక్కడికి పోతుందో, ఊరి పక్క నది మున్నేరు నిండినప్పుడు ఈ నీళ్లు అందులో కలవలేక ఎలా ఎదురు తన్నుతాయో చెప్పాల్సిన మనిషిని నేనే. బళ్లో ఆ పాఠం చెప్పేదాన్ని కూడా. కానీ పాఠాల్లో వాగులకు ఇళ్లు అడ్డం రావు. ఆ తర్వాత మా కళ్లముందే వాగు సన్నబడుతూ వచ్చింది. అటుపక్క ఫంక్షన్ హాలు గోడ కట్టారు, మట్టి వాగులోకి నెట్టారు. రోడ్డు వేసి కింద రెండు గొట్టాలు పెట్టారు. గొట్టాల్లో ప్లాస్టిక్ సంచులు, పెళ్లి విస్తళ్లు ఇరుక్కునేవి. మామయ్య కాగితం రాయించి ఆఫీసులో ఇచ్చొచ్చాడు, ఒకసారి కాదు చాలాసార్లు. చూస్తాం అన్నారట. ఆయనా ఇంటికొచ్చి, "చూస్తారంట" అని అత్తతో చెప్పి ఊరుకునేవాడు.

ఆ ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. శ్రావణమాసం, రెండు రోజుల్నుంచి వాన. అత్తకు అప్పటికే మోకాళ్లు పోయాయి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే గొప్ప. ఇంటికి మెట్లు లేవు, స్లాబు మీదికి ఇనుప నిచ్చెన ఒక్కటే. మెట్లు కట్టించాలని ఏటా అనుకునేవాళ్లు. అత్తను మా ఇంటికి తీసుకొద్దామని ఆటో మాట్లాడుకుని వెళ్లాను. ఆటో అతను, "జల్దీ రండమ్మా, గీ వానల నేను ఎక్కువసేపు ఆగలేను" అన్నాడు. నేను లోపలికి వెళ్లేసరికి మామయ్య వెనక వాకిట్లో గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. వాగు అంచున పుల్ల గుచ్చి ఉంది.

"గంట నుంచీ చూస్తన్నా. బెత్తెడు కూడా లేవలా. కూర్చో అమ్మాయీ, టీ తాగు. మధ్యాన్నం దాకా టైముంది."

"ఆటో ఆగింది మామయ్యా."

"పంపించెయ్. నేనే వేరే ఆటో పిలుస్తాలే. ఈ వానలో దాన్ని తడిపి తీసుకెళ్తే జొరం వచ్చుద్ది. కాస్త తెరిపి ఇవ్వనీ, చూద్దాం."

అత్త నావంక చూసింది. వెళ్దామనే ఉంది ఆమెకు, సంచి సర్ది పెట్టుకుంది. కానీ యాభై ఏళ్లుగా నీళ్ల సంగతిలో ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగదు. నేనూ చెప్పలేదు. ఆటోను పంపించేసి, కూర్చుని, టీ తాగాను. అల్లం వేసి చేశాడు మామయ్య, బాగుంది. ఆ రుచి ఇప్పటికీ నోట్లోంచి పోలేదు.

నీళ్లు వాగువైపు నుంచి రాలేదు. ముందు బాత్రూం తూములోంచి బుడగలు బుడగలుగా పైకి తన్నాయి. నేను తూము మీద గుడ్డ కుక్కుతుండగా వీధి గుమ్మంలోంచి ఒక్కసారిగా వచ్చాయి. ఎగువన చెరువు కట్ట తెగిందని తర్వాత తెలిసింది. దిగువన మున్నేరు నిండుగా ఉంది, మధ్యలో మేమున్నాం. మామయ్య వెనక వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. అత్తను చెరోవైపు పట్టి గుమ్మం దాటించబోతే వీధిలో స్కూటర్లు కొట్టుకుపోతున్నాయి. నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లాం. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది, రెండో కాలు లేవలేదు. వెనక్కి తెచ్చి వంటింటి గట్టు మీద కూర్చోబెట్టాం. నీళ్లు నడుముకొచ్చాయి, ఛాతీకొచ్చాయి, గట్టు మీద కూర్చున్న అత్త నడుము దాకా ఎక్కాయి. ఫ్రిజ్ తేలి తలుపుకు అడ్డం పడింది.

"నువ్వు పైకెళ్లవే అమ్మాయీ. నీకు మోకాళ్లు బానే ఉన్నయిగా" అంది అత్త.

"తగ్గుద్ది" అన్నాడు మామయ్య. గోడ మీద వేలు పెట్టి చూస్తూ మళ్లీ మళ్లీ అదే మాట. కాసేపటికి ఆ మాట కూడా ఆగిపోయింది. రెండు చేతులతో అత్తను నడుం దగ్గర పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గోదారి ఊళ్లో అందరికీ టైము చెప్పిన మనిషి, ఆ వంటింట్లో నన్ను అడిగాడు: "టైమెంతయిందే?"

మధ్యాహ్నం దాటాక వీధిలో కుర్రాళ్లు తాడు కట్టి, ట్రాక్టరు ట్యూబు మీద ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా బయటికి లాగారు. ముగ్గురం బతికాం. అందరూ అదృష్టవంతులన్నారు. ఆ నీళ్లలో డీజిల్, మురుగు, చచ్చిన కోళ్లు, అన్నీ ఉన్నాయి. అన్ని గంటలు అందులో నానిన అత్తకు నాలుగోనాటికి జ్వరం వచ్చింది, తర్వాత ఆయాసం. దవాఖానాలో మూడోవారం పోయింది. వరద నష్టం రాసుకోవడానికి వచ్చినాయన మంచివాడే, కుర్చీ వేస్తే కూర్చుని అంతా విన్నాడు. "గామె దవాఖానాల పోయింది గదమ్మా. వరదల పోయినట్టు రాయరాదు" అన్నాడు. ఫ్రిజ్, బీరువా, బియ్యం రాసుకున్నాడు. అత్త ఆ జాబితాలో లేదు.

మామయ్యను కూతురు తల్లాడ తీసుకుపోయింది. అక్కడికి దరిదాపుల్లో నీళ్లు లేవు. ఒకసారి వెళ్లినప్పుడు ఉండబట్టలేక అన్నాను: "ఆ రోజు నేను ఆటో పంపకుండా అత్తని తీసుకుపోయి ఉంటే బాగుండేది మామయ్యా." "కూర్చోమంది నేనే గదా" అన్నాడు. ఓదార్చడానికి అన్నాడో, నిందను తన మీదికి లాక్కోవడానికో తెలియదు. ఇద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడాది ఆయనా పోయాడు.

ఇల్లు ఎవరూ కొనలేదు. కూతురు కిరాయికిచ్చింది. భద్రాచలం అవతలి అడవి పల్లె నుంచి బిల్డింగు పనులకు వచ్చిన మొగుడూ పెళ్లాం ఉంటున్నారు. మొన్న వానలు మొదలవగానే వెళ్లి ఆ పిల్లకు జరిగిందంతా చెప్పాను. పనికి పోవడానికి గబగబా జడ వేసుకుంటూ వింది. గోడ మీద నీటి మరక మీదుగా రంగు వేశారు, అయినా కొంచెం కనబడుతోంది. "మా ఊర్ల కూడా నీళ్లొస్తయమ్మా" అంది. "గోదారి వచ్చేముందు చెప్తరు కదా. ఇక్కడ కూడా చెప్తరులే." ఇది గోదారి కాదు తల్లీ అన్నాను. "అవ్, చిన్న వాగే కదా" అంది. వేరేచోట ఇల్లు చూసుకోమన్నాను. ఇంత తక్కువ కిరాయికి ఊళ్లో ఇంకెక్కడ దొరుకుతుందని అడిగింది. ఆమె చేతిలో నా ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టి వచ్చేశాను.

కాలం గడిచేకొద్దీ మనుషులు నేర్చుకుంటారని పిల్లలకు చెప్పి జీతం తీసుకున్నాను. ఈ వాగు పక్కన చూస్తే, నేర్చుకున్నవాళ్లను కాలం ముందే తీసుకుపోయి, ఏమీ తెలియనివాళ్లను తెచ్చి అదే ఇంట్లో కూర్చోబెడుతోంది.