సీతాఫలాల కొండమీద చిరుత కూనలు

ఏటా వానలు తగ్గే రోజుల్లో కృపమ్మ కూలి పనులు మానుకుని, ఆదోని దగ్గర తమ ఊరి కొండెక్కి సీతాఫలాలు కోసేది. మొగుడు పోయాక పదేళ్లుగా ఆ నెలన్నర పండ్లే ఆమెకు పెద్ద ఆధారం. ఏ చెట్టు ముందు కాస్తుందో ఆమెకు తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలీదు.

ఆ పొద్దున తూర్పు గుట్టలో కాయకు చెయ్యి చాచగానే రెండు బండల సందులోంచి గుర్రుమని వినబడింది. వంగి చూసింది. రెండు చిరుత కూనలు, ఇంకా నడక కుదరనివి. తల్లి కనబడలేదు. భయం వేసింది అందుకే. కృపమ్మ గంప అక్కడే వదిలి, వెనుదిరగకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ దిగింది.

ఊళ్లో చెబితే పొగబెట్టి చంపుతారు. అటవీ ఆఫీసులో చెబితే కొండంతా మూసేస్తారు. చెప్పకపోతే తోటి ఆడవాళ్లు అక్కడికే పోతారు. మర్నాడు కొండ కింద వాళ్లను ఆపి, తూర్పు గుట్టకు పోవద్దంది.

"మంచి కాయంతా ఆడనే ఉంది. మేం పోతే నీకు తక్కువైతాదా అక్కా?" అంది మల్లేశ్వరి.

ఆ మాట గుచ్చుకున్నా కృపమ్మ కారణం చెప్పలేదు. వాళ్లు గొణుక్కుంటూ పడమటికి మళ్లారు.

ఆ మధ్యాహ్నమే, ఊళ్లో మేకలు కాసే గిడ్డయ్య మందలో ఒకదాన్ని చిరుత ఎత్తుకుపోయింది. నెలలో అది మూడోది. ఎండుగడ్డి మోపు, డీజిల్ డబ్బాతో అతను కృపమ్మ బాటకు అడ్డం నిలబడ్డాడు.

"నిన్న గంప లేకుండా దిగినావంట. అది యాడుందో నీకు తెల్సు. సెప్పు."

"తెల్సు. సెప్పనన్నా."

"నా మేకలు పోయినా సెప్పవా?"

"నీ మేకలు పోతే నాకూ బాధే. కూనల్ని కాలిస్తే తల్లి ఊరుకుంటాదా? ఆ సెట్ల కింద తిరిగేది మేము. నేనే ఆఫీసుకు పోతా. రేపటి దాకా ఆగు."

గిడ్డయ్య డబ్బా కింద పెట్టాడు గానీ మోపు విప్పలేదు.

"రేపు పొద్దు గూకే దాకా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అటవీ ఆఫీసులో అధికారి ఆమె చెప్పింది విని, కొండంతా నెల రోజులు మూసేయాలన్నాడు.

"ఒక్క గుట్ట మూయండి సార్. కడమ కొండంతా మూస్తే జనమే నిప్పు పెడ్తారు. నేను ఆపలేను."

"అటు ఎవరైనా పోతే?"

"పోకుండా నేను నిలబడతా."

అధికారి ఒప్పుకున్నాడు. సాయంత్రానికి వచ్చి గుట్ట మొదట్లో తాడు కట్టించాడు, గిడ్డయ్య మేకల నష్టం రాసుకున్నాడు. తాడు చూశాకే మల్లేశ్వరికి విషయం అర్థమైంది. ఆమె రెండు రోజులు మొహం చాటేసి, మూడో రోజు తన కాయల్లో సగం కృపమ్మ ముందు పోసి పోయింది.

ఆ రోజుల్లో కృపమ్మ సొంతంగా కోసింది లేదు. పొద్దున్నుంచి మాపు దాకా తాడు దగ్గరే. గిడ్డయ్య మేకల్ని అవతలి వైపు తోలుకుపోతూ రోజూ అడిగేవాడు.

"పోయినాయా?"

"ఇంకా లేదన్నా."

పంతొమ్మిదో రోజు గుట్ట కింద పారే వంక ఇసుకలో పెద్ద అడుగులు, వాటి పక్కన చిన్న అడుగులు అవతలి కొండల వైపు పోతూ కనిపించాయి. కృపమ్మ ఆ మాట చెప్పగానే గిడ్డయ్య అడుగుల వైపు చూశాడు.

"మళ్లా వస్తే?"

"అప్పుడు నువ్వూ నిలబడాల."

అతను మేకల్ని తోలుకుపోయాడు. కృపమ్మ తాడు విప్పి గుట్టెక్కింది. కాయలు సగానికి పైగా రాలి నల్లబడ్డాయి. కొమ్మల్లో మిగిలినవాటిని ఒక్కొక్కటే కోసి కొంగులో వేసుకుంది.