విమానానికి అడ్డొచ్చిన కొబ్బరితోట

కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి సంగతి మీరంతా వినే ఉంటారు. నేను వాడికంటే రెండాకులు ఎక్కువే చదివాను. మా మావయ్య కూర్చున్న కొమ్మను నరికించాను. అదీ ఒక కొమ్మ కాదు, ఏకంగా కొబ్బరితోట. ఎలాగో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వు రాదు.

అప్పుడే మస్కట్ నుంచి తిరిగొచ్చిన కొత్త. అక్కడి ఎయిర్‌పోర్టులో నా పని, ప్రయాణికులు వదిలేసిన ట్రాలీలను పోగేసి వరసగా తోసుకురావడం. రాజోలు దగ్గర మా ఊళ్లో ఆ వివరం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. అలాగే ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోసినా విమానం తోలాడంటారు. అంటే అననీ, నేనెందుకు అడ్డుపడాలి చెప్పండి?

ఆ రోజుల్లోనే ఒక పుకారు లేచింది. ఊరి శివార్లో ఆయిల్ కంపెనీవాళ్ల హెలికాప్టర్లు దిగే మైదానాన్ని చిన్న విమానాలు కూడా దిగేలా పెంచుతారట. పుకారు వెనకే ఒక వెంచర్ వచ్చింది. మైదానం పక్కన విల్లాలు కడతారట, హైదరాబాదువాళ్లు విమానం దిగి నేరుగా కాలవగట్టున కూర్చుని కాఫీ తాగుతారట. వెంచరాయన కన్ను మా సూర్యం మావయ్య తోట మీద పడింది. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. ఆ తోట తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు. కాయకి ధర లేక, దింపడానికి మనుషులు దొరక్క విసిగిపోయి, సరే అమ్మేద్దామని ఆయనా మొగ్గాడు.

టీ కొట్టు దగ్గర ఎవరో నన్ను అడిగారు.

"ఏవండీ, విమానాలొస్తే ఈ కొబ్బరిచెట్లతో ఇబ్బందుండదాండీ?"

"తెలీదు" అనాలి. మూడంటే మూడక్షరాలు. మస్కట్ సెంటు రాసుకున్న మనిషికి ఆ మాట నోరు తిరుగుతుందా?

"ఎందుకుండదండీ? విమానం దిగే దారిలో పొడుగు చెట్టుండకూడదు. గవర్నమెంటోళ్లే వచ్చి కొట్టించేస్తారు. చెట్లున్న స్థలాన్ని వెంచరోళ్లు కూడా ముట్టుకోరు."

ఆ చివరి ముక్క నేనెక్కడా వినలేదు. మాటల ఊపులో అదే వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే మావయ్య మా గుమ్మంలో ఉన్నాడు.

"బాబూ, ఓసారి తోటలోకొచ్చి చూసి చెప్పాలి. నువ్వు తెలిసినోడివి."

వెళ్లాను. నల్లకళ్లద్దాలు పెట్టుకుని మరీ వెళ్లాను. ఒక కన్ను మూసి, బొటనవేలు పైకెత్తి, చెట్టు తలకీ ఆకాశానికీ గురి చూశాను.

"ఇది తగుల్తుందా బాబూ?"

"తగుల్తుంది మావయ్యా."

"మరిదో?"

"అదీనూ."

తోట చివర అత్తయ్య ఒక చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఇది నేను కాపరానికొచ్చిన ఏడు పాతేను బాబూ. దీన్నొక్కదాన్నీ ఉంచుకోవచ్చేమో చూడు. కాస్త వొంగే ఉంది కదా."

నిజంగానే వంగి ఉంది. నేను మళ్లీ బొటనవేలెత్తాను.

"వొంగినా పొడుగు పొడుగే అత్తయ్యా."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా వైపు కొబ్బరిచెట్టు కొడితే దాని తలలో ఉండే లేత మొవ్వును ఇరుగుపొరుగుకి పంచుతారు. చెట్టు చస్తే తప్ప దొరకని తిండి అది. మావయ్య తోటంతా కొట్టించిన రోజు ఊరంతా మొవ్వే. అత్తయ్య నాకు పళ్లెం మీద గుడ్డ కప్పి మరీ పంపింది. తన చెట్టుదేనట. తియ్యగా ఉందని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ తియ్యగానే ఉంది.

నాలుగు రోజులు పోయాక వెంచరాయన కారు దిగి, తోటను చూసి అలాగే నిలబడిపోయాడు. అందరితోపాటు నేనూ అక్కడే ఉన్నాను.

"ఇదేంటండీ సూర్యం గారూ, చెట్లేవండీ?"

"మీకు అడ్డని కొట్టించేసేనండీ."

ఆయన సంచిలోంచి రంగుల కాగితం ఒకటి తీశాడు. దాని మీద మావయ్య తోట ఫొటో. ముందువరసలో అత్తయ్య వంగిన చెట్టు. కింద పెద్దక్షరాలతో 'కొబ్బరితోటలో మీ సొంతిల్లు'.

"చెట్ల కోసమేనండీ ఈ తోట అడిగేం. బోడినేల సిటీ చుట్టూరా ఉంది కదండీ. అయినా విమానాలు దిగేది అటు కాలవ వైపునుంచండీ, ఇటు రావు. మీకెవరు చెప్పేరండీ?"

మావయ్య నా వైపు చూడలేదు.

"ఎవరో అనుకుంటుంటే విన్నానండీ" అన్నాడు.

నా పేరు చెప్పి తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు ఓ పూట ఉండి పోతాయి. ఈ మాట పోలేదు.

వెంచర్ వేరే తోట చూసుకుంది. విమానాలు రానేలేదు. ఇప్పుడు మావయ్య తోటలో నేను తెచ్చి నాటిన మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. రోజూ నేనే నీళ్లు పోస్తాను. అవి కాపుకొచ్చేనాటికి మావయ్య ఉంటాడా అని తలుచుకుంటే బిందె బరువెక్కుతుంది.

అందుచేత ఆ మొక్కల సాక్షిగా ప్రమాణం చేశాను. నా బొటనవేలు ఇకమీదట రేషన్ షాపు మిషన్ మీద పెట్టడానికి తప్ప పైకి లేవదు. ఎవరేమడిగినా నా జవాబు "తెలీదండీ". మొన్న ఒకాయన మా ఇంటికే దారడిగితే అదే చెప్పాను.

నిన్న సాయంత్రం ఎక్కడికో పోయే విమానం ఒకటి చుక్కంత కనిపించింది. మొద్దు మీద కూర్చున్న మావయ్య దాన్ని చూసి, పక్కనున్న మొక్కను చూసి, నన్ను చూశాడు.

"బాబూ, ఇది తగలదు కదా?"

"తెలీదు మావయ్యా."

ఆయన మెల్లగా నవ్వాడు.

"ఆ మాట అప్పుడే అనుంటే, మీ అత్తయ్య చెట్టు మొవ్వు మనం తినేవాళ్లం కాదు కదా."